మూడో మెట్టు

నాయనా,

మా యూనివర్సిటీ లైబ్రరీ ముందు నువ్వు పరిచిన రాతిమెట్లు తీసేసి గ్రానైట్ వేశారు. నువ్వు పోయి మూడేళ్లయినా ఈ మాట నీకే చెప్పాలనిపించింది.

మొన్న లైబ్రేరియన్ ఈ భవనం చరిత్ర ఒక పేజీ రాసి ఇవ్వమన్నారు. శంకుస్థాపన ఎవరు చేశారో, తలుపులు ఎవరు తెరిచారో రాశాను. ప్రారంభోత్సవం తొందరలో కాంట్రాక్టరు పల్చటి రాయి తెచ్చాడనీ, నీ మూడో మెట్టు బొటనవేలి మందం తగ్గిందనీ రాయలేదు.

నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చాక, నన్ను ఇంటికెళ్లే కాడుగోడి బస్సెక్కించడానికి రోజూ సాయంత్రం వచ్చి ఆ మెట్టు పక్కనే కూర్చునేవాడివి. వచ్చేపోయే పిల్లలందరికీ "చూసుకోని ఎక్కప్పా, ఈడ తగ్గుండాది" అని చెప్పేవాడివి. నాకు తల కొట్టేసినట్టుండేది. గేటు దగ్గరే ఉండమని ఒకసారి కసిరాను.

"ఎవరు మేడమ్ ఇది కట్టింది? లెవెల్ కూడా చూసుకోలేదు," అన్నాడు పాత మెట్లు తీసేముందు కొలతలకు వచ్చిన కొత్త ఇంజనీరు.

"మా నాయన," అన్నాను. అతను టేపు చుట్టుకుని పక్కకు వెళ్లిపోయాడు.

ఈరోజు కొత్త మెట్లు తెరిచారు. పిల్లలు ఫోన్లు చూసుకుంటూనే ఎక్కేశారు, ఎవరి కాలూ తట్టుకోలేదు. సాయంత్రం దిగుతుంటే, ఆ లోతుకు అలవాటుపడ్డ నా కాలే మూడో మెట్టు దగ్గర తడబడింది. అక్కడే కూర్చుండిపోయాను.

ఇంతలో ఒక అమ్మాయి పైకి వస్తోంది.

"చూసుకోని ఎక్కమ్మా," అన్నాను.

ఆ పిల్ల మెట్టు వైపు చూసింది, నా వైపు చూసింది. కాస్త ఎడంగా జరిగి ఎక్కి వెళ్లిపోయింది.