మస్తాన్ రేకు పెట్టె

ఆళ్లగడ్డ, ఆదివారం, మార్చి 1956

పొద్దున మస్తాన్ కొత్త రేకు పెట్టె తెచ్చి, నేను బోర్డులు రాసే కొట్లో దించాడు. ఇంగ్లండు ఫ్యాక్టరీలో పని దొరికిందట. యుద్ధం తర్వాత అక్కడ పనివాళ్లు చాలడం లేదట. మిలిటరీలో పనిచేసినట్టు కాగితం చూపిస్తే పాసుపోర్టు కూడా ఇచ్చారు.

"పేరూ, పోయే ఊరూ ఇంగ్లీషులో రాయప్పా. నీ చేతిరాత బాగుంటాది," అన్నాడు.

యుద్ధం రోజుల్లో మిలిటరీలో చేరడానికి నంద్యాలలో ఇద్దరమూ వరసలో నిలబడ్డాం. ఛాతీ కొలిచే టేపు దగ్గరికి వచ్చేసరికి నేను గోడ దూకి ఇంటికొచ్చేశాను. వాడు చేరాడు. చావడానికి పోయాడని ఊరంతా చెప్పి నవ్వింది నేనే.

ఇంగ్లండు అన్న మాట కావాలనే వంకరగా రాద్దామనుకున్నాను. చెయ్యి వినలేదు. ఏ షావుకారు బోర్డూ అంత బాగా రాలేదు.

వాడు చూసి మురిసిపోయాడు. "ఆ పొద్దు నువ్వు పారిపోకుండింటే ఇద్దరమూ పోతాంటిమి కదప్పా," అన్నాడు. ఎగతాళి కూడా చెయ్యలేదు. అదే మండింది.

రంగు ఆరాలని పెట్టె ఇక్కడే వదిలి వెళ్లాడు. రేపు పొద్దున్నే వచ్చి తీసుకుపోతాడు. ఇందాక మూత తీసి, నా చొక్కా ఒకటి మడిచి లోపల పెట్టి చూశాను.

ఇంకా తీయలేదు.