మూడో దేవదూత పేరు

అన్నయ్యకీ వదినకీ,

ప్రభువు పేరిట మీ చెల్లెలు సుగుణ వందనాలు. వదిన ఒళ్లు కుదుటపడిందా? పిల్లాడు పాలు సరిగ్గా తాగుతున్నాడా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను బాగున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకండి. ఫోన్లో చెబుదామంటే సగంలోనే ఏడుపొచ్చేస్తోంది, నువ్వేమో "ఏడవకే, ఏడవకే" అంటూ పెట్టేస్తావు. ఆలమూరు రమణి ఇక్కడ కువైట్ నుంచి ఇంటికి వస్తోంది, అందుకని ఆమె చేతికి ఈ ఉత్తరమూ పిల్లాడికో దుప్పటీ ఇస్తున్నాను.

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను. సెలవు ఇవ్వలేదు. నేను పనిచేసే ఇంటి మేడమ్ కూతురు పురిటికి వస్తోందట, వచ్చే ఏడు చూద్దాం అంది. పిల్లాడికి చర్చిలో పేరు పెట్టే రోజున వాడు నా ఒళ్లో ఉంటాడనుకున్నాను. మేనత్తని, ఆ హక్కు నాది. వదినా, ఏమీ అనుకోకు, ఆ రోజు వాణ్ణి ఎవరెత్తుకున్నా నాకు కుళ్లే.

ఇక్కడ ఎండలు తగ్గాయి, పొద్దుట చలి కూడా వేస్తోంది. రొట్టెలు తిని తిని నాలుక చచ్చిపోయింది. అమ్మ ఆవ పెట్టి చేసే పనసపొట్టు కూర తలుచుకుని వట్టి అన్నం తినేస్తున్నాను.

ఈ ఇంటి పెద్ద మనవడి పేరేమిటో తెలుసా? జిబ్రీల్. మన గబ్రియేలేనట! వాడు అన్నం పారబోసినప్పుడల్లా చచ్చి స్వర్గానున్న నాన్న పేరు పెట్టి కేకలేయాల్సి వస్తోంది. నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. తాతని పొలంలో "ఒరే పెంటా" అని పిలిచేవారని నాన్న చెప్పేవాడు, గుర్తుందా? అందుకే తాత పట్టుబట్టి కొడుక్కి దేవదూత పేరు పెట్టాడు. "ఇహ మావోణ్ణి తిట్టాలన్నా దేవదూత పేరెట్టే తిట్టాలండి, ఆయ్" అన్నాడట కామందుతో. తరవాత పేటంతా అదే పట్టుకుంది. పెద్ద గబ్రియేలు, టైలరు గబ్రియేలు, కొబ్బరి దింపు గబ్రియేలు. నీకు మిఖాయేలు అని పెట్టేసరికి వీధిలో నువ్వు నాలుగోవాడివి. మన బైబిల్లో పేరున్న మంచి దూతలు ఇద్దరే కదా, పాపం ఎంతమందికని సరిపోతారు!

మూడో ఆయన ఉన్నాడని ఇక్కడ వంట చేసే మరియ చేచి చెప్పింది. కేరళ ఆవిడ, చేచి అంటే వాళ్ల భాషలో అక్క. రోమన్ క్యాథలిక్కు. వాళ్ల బైబిల్లో రఫాయేలు అని ఉన్నాడట. దూరదేశం బయలుదేరిన కుర్రాడికి మామూలు మనిషిలా తోడు వెళ్లి, దారంతా కాచి, మళ్లీ తెచ్చి ఇంటి గుమ్మంలో అప్పగించాడట. "మా నాన్న ఓడ మీద పనికి పోయేవాడు, అందుకే అమ్మ మా అన్నకి ఆ పేరు పెట్టింది" అంది.

"మరి తిరిగొచ్చేవాడా మీ నాన్న?" అన్నాను.

"ప్రతిసారీ" అంది. నేను వంటింట్లోనే కూలబడి ఏడ్చాను.

అందుకే మన పిల్లాడికి ఆ పేరు పెట్టమన్నానన్నయ్యా. పాస్టరుగారు "మన బైబిల్లో లేదండి, బాగోదు" అన్నారన్నావు. ఆయనకి నా వందనాలు చెప్పి ఒక్క మాట అడుగు. మిఖాయేలు యుద్ధం చేస్తాడు, గబ్రియేలు కబురు తెస్తాడు, బాగానే ఉంది. మనిషిని ఇంటికి తెచ్చేవాడు ఎవరండీ? నువ్వు నన్ను జొన్నాడలో బస్సెక్కించి నాలుగేళ్లు దాటింది.

కాదంటే గొడవ పడకు. చర్చి పుస్తకంలో ఆయన చెప్పిందే రాయించు. ఇంట్లో మాత్రం రఫాయేలూ అనే పిలవండి.

రమణి తిరిగొచ్చేటప్పుడు వాడు విడిచిన చొక్కా ఒకటి పంపు. ఉతకొద్దు.

అమ్మకి నా ముద్దులు, పేటలో పెద్దలందరికీ వందనాలు. మీ ప్రార్థనలో నా పేరు వదలకండి. వాడికి నడక వచ్చిన రోజున మాత్రం మొదటి అడుగులు ఇంట్లోకి వేయించకండి. గుమ్మం దాటించి, జొన్నాడ రోడ్డు వైపు వేయించండి. నన్ను తీసుకు రావలసినవాడు వాడే.

మీ దీవెన కోరే చెల్లెలు,
సుగుణ