గుంట పూడ్చిన గది

అన్నా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. రామన్నపేట నుంచి పట్నం వచ్చి, చార్మినార్ దాటి, దారి అడుగుతూ నువ్వుండిన బస్తీకి చేరేసరికి కాళ్లు పీకుతున్నాయి.

బట్టల మిల్లు పనికి పోతానన్న రోజు నీ మొహాన మా చేనేత సంఘం కరపత్రం విసిరాను. "మగ్గాన్ని చంపెటోళ్ల దగ్గర కూలికి పోతవా? నువ్వు నాకు అన్నవే కాదు" అన్నాను. ఆ తర్వాత నీకు ఒక్క ఉత్తరమూ రాయలేదు. ఇదే మొదటిది.

నేనెవరో చెప్పగానే ఇంటామె అందుకుంది. "నువ్వేనా గా తమ్మునివి? గది కిరాయికిస్తే మీ అన్న మగ్గం కింద కాళ్లకు గుంట తవ్విండయ్యా! మిల్లుల కొలువు చేసొచ్చి మళ్ల గా గుంటల కూసునుడు. గిదేం పిచ్చి అంటే, మగ్గం ఇడిస్తే మా తమ్ముడు మాట్లాడడమ్మా అనెటోడు."

గది చూపించింది. గుంట పూడ్చి, పైన పేడతో అలికింది. "ఎంత మన్ను పోసినా గీడ కుంగుతనే ఉన్నది" అని నన్నే తప్పు పట్టినట్టు చూసింది.

అలసిపోయి, నువ్వు కూర్చునే చోటే కూలబడ్డాను. మగ్గం ముందు కూర్చునే అలవాటుతో కాళ్లు కిందికి దించబోయాను.

మన్ను తగిలింది.

నీ తమ్ముడు