కోయని మరువం

ప్రియమైన బద్ధకమ్మకి,

పుట్టింటికి క్షేమంగా చేరాను. అమ్మ నన్ను గుర్తుపట్టింది కానీ, మిగతా అందరి పేర్లూ ఒక్కొక్కటే మర్చిపోతోంది. నువ్వు మాత్రం నా పని మర్చిపోకు. మంచు పడకముందే పెరట్లో పుదీనా, మరువం మొదలుకంటా కోసి, నీడన ఆరబెట్టి, సీసాల్లో పెట్టు. ఒక్కసారి మంచు తగిలిందా, ఆకంతా నల్లబడిపోతుంది. మీ అన్నయ్యకి చెబితే కలుపుతో సహా కోసేస్తాడు. అందుకే ఆడపడుచు కాళ్లు పట్టుకుంటున్నాను.

నీ వదిన

వదినా,

నన్ను మరీ అంత తీసిపారేయకు! అన్నీ కోశాను, ఆరబెట్టాను, సీసాలు నిండాయి. ఇల్లంతా ఒకటే ఘుమఘుమ. ఈసారి చలి పేరుకే. అన్నయ్య స్వెట్టరు పెట్టెలోంచి తియ్యనేలేదు. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

ఇకపై బద్ధకమ్మ కాని నీ ఆడపడుచు

నా బంగారు తల్లీ,

ఇంకెప్పుడైనా నిన్ను ఆ పేరుతో పిలిస్తే నన్నడుగు. నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మరువం అనగానే లేచి కూర్చుంది. ఆ మొక్క తన పెరట్లోంచి తీసి నాతో పంపింది తనే కదా! ఇక్కడిది ఎప్పుడో ఎండిపోయింది. ఇప్పుడు రోజూ "నా మరువం ఏదే?" అని ఒకటే గొడవ. ఆ వాసన చూస్తే ఇంకేమైనా గుర్తొస్తుందేమోనని నా ఆశ. ఒక గుప్పెడు కాగితంలో చుట్టి వెంటనే పంపవూ?

నీ వదిన

వదినా,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక ఇన్నాళ్లూ రాయలేదు. త్వరగా పంపమని నువ్వు మళ్లీ రాసిన కార్డు కూడా అందింది.

నేనేమీ కోయలేదు. సీసాలు ఖాళీ. రేపు, ఎల్లుండి అనుకుంటూ, నువ్వు వెక్కిరిస్తావని అబద్ధం రాసేశాను. నువ్వు బంగారు తల్లీ అన్నాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఎండు మరువం కోసం బజారంతా తిరిగాను కూడా. ఎవరో పెంచిన ఆకుని అత్తయ్యగారిదని పంపబోయానంటే ఎంత దిగజారానో చూడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మంచు పడనేలేదు, మరువం ఇంకా పచ్చగానే ఉంది. పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టి పంపుతున్నాను.

నీ ఆడపడుచు

అమ్మాయీ,

మరువం అందింది. ఒక్క ఆకు కూడా వాడిపోలేదు. అమ్మ చాలాసేపు వాసన చూసి, "బాగుందమ్మా, ఏం ఆకిది?" అంది. నన్ను అమ్మా అంటోందంటే కూతురినని కాదు, నర్సుననుకుని.

నువ్వు కోయలేదని నాకు కోపం లేదు. కానీ నేను అడిగిన రోజున కూడా అది పెరట్లో ఇలాగే ఉండి ఉంటుంది కదా! కత్తెర పట్టుకుని గుమ్మం దాటితే సరిపోయేది. నాకు నిజం చెప్పడానికి ఇన్నాళ్లు జంకేంతగా నిన్ను ఏడిపించానా? ఆ సిగ్గు నాది.

ఇంక మరువం పంపకు. అమ్మ అడగడం మానేసింది.

వదిన