అక్క ఇంటర్వెల్‌కు ముందే చనిపోయింది

ఫిబ్రవరి 6

నాలుగు కథలు. ఒకటి రాతియుగంలో, ఒకటి ఇప్పుడు, ఒకటి అంగారకుడి మీద, ఇంకోటి భూమి పోయాక ఒక అంతరిక్ష నౌకలో. నాలుగూ కలిపి జడలా అల్లి సినిమా తీశాడు బావ. చిక్కులు తీయాల్సింది మాత్రం నేను. ఎడిటర్ని కదా.

నౌక కథలో మా అక్క ఉంది. పెళ్లయ్యాక మానేసిన నటన, మొగుడి సినిమా కోసం మళ్లీ మొదలుపెట్టింది. ప్రాణమున్న కథ అదొక్కటే. దాన్ని నిలవనివ్వడు. అక్క కళ్లెత్తిందో లేదో, కట్. రాతి మనిషి!

ఫిబ్రవరి 9

అక్క కథను వరసగా వదిలెయ్ బావా, మిగతావి తగ్గించు అన్నాను. నీకు విజన్ లేదన్నాడు. బావమరిదినని ఊరుకుంటున్నాడట. ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 10

మళ్లీ వరస మార్చాడు. రీళ్ల నంబర్లన్నీ మార్చాలి. పాత మూడో రీలు ఇప్పుడు ఐదోది. నా ఖర్మ.

ఫిబ్రవరి 13, ప్రివ్యూ అయ్యాక

కొంప ముంచాను. పాత నంబర్లూ కొత్త నంబర్లూ కలిసిపోయాయి. ఇంటర్వెల్‌కు ముందే అక్క నౌకలో చనిపోయింది. ఇంటర్వెల్ తర్వాత తీరిగ్గా మొక్కలకు నీళ్లు పోసింది. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు అరుస్తారని చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

ఎవరూ అరవలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాలమంటే ఏమిటో ఇప్పుడర్థమైందన్నాడు డిస్ట్రిబ్యూటర్. వాడి మొహం! బావ కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లు ఈ కథల్ని బుర్రలో మోసిన ఆయనకీ తప్పు తెలియలేదు. విజనట, బూడిదట.

అక్క ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

ఫిబ్రవరి 14

బావకు చెప్పేశాను. తప్పు నాదే, కానీ నువ్వూ చూసుకోలేదన్నాను. మొహం ఎర్రబడింది. అయినా అందరికీ నచ్చిందిగా, అలాగే ఉంచెయ్ అన్నాడు. చచ్చిన మనిషి మొక్కలకు నీళ్లెలా పోస్తుందంటే, జనం ఏదో ఒకటి అనుకుంటారులే అన్నాడు.

కీబోర్డు మీద గుద్దాను. స్పేస్ బార్ ఊడింది.

ఫిబ్రవరి 15

అక్క ఎడిట్ రూముకు వచ్చింది. తన కథ ఒక్కటే వరసగా చూపించమంది. కదలకుండా చూసింది. బాగానే చేశాను కదరా అని అడిగింది. తలూపాను. నేను చనిపోయింది కూడా ఆయన గమనించలేదురా అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. నా ఇంటి తాళంచెవి అడిగి తీసుకుని వెళ్లింది.

ఫిబ్రవరి 17

బావ ఫోన్. హార్డ్ డిస్క్ ఎక్కడుందని ఒక్కటే అడిగాడు. చెప్పాను. థాంక్స్ అని పెట్టేశాడు.

వంటగదిలోంచి అక్క, ఎవర్రా అంది. రాంగ్ నంబర్ అన్నాను.