నాయనకు చెవి మిషన్

జూన్ 2
మాది తమిళ ఊరు. ఇంట్లో అందరం తెలుగు మాట్లాడినా చదవగలిగింది నేనొక్కదాన్నే. కాన్వెంట్‌లో ఒక సిస్టర్ పట్టుబట్టి నేర్పింది. అందుకే ఈ డైరీ దాచను. బల్ల మీదే ఉంటుంది.

పవర్‌లూమ్ షెడ్‌లో ముప్పై ఏళ్లు లుంగీలు నేసి నాయన చెవులు పోయాయి. అమ్మ రోజూ వడ్డిస్తూ నవ్వు మొహంతో తిడుతుంది. "తిను దున్నపోతా, తినేదానికి మాత్రం బాగుండావు." ఆ నవ్వు చూసి నాయనా నవ్వుతాడు. అన్న నవ్వుతాడు. నేనూ.

జూన్ 3
నిన్న ఒకటి రాయలేదు. ఫిబ్రవరిలో విమల మొదటిసారి ఇంటికి వచ్చింది — స్కూల్లో నా పక్క క్లాసు టీచరు. నాయన చిరిగిన బనీనుతో కాఫీ తెచ్చాడు. ఎవరని అడిగింది. "ఇంట్లో పని చేసే పెద్దాయన" అన్నాను. ఆయన ఎదురుగానే. నవ్వుతూ.

వినపడలేదు కదా.

జూన్ 14
నాయనని వేలూరు సత్తువాచారిలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మిషన్ పెట్టారు.

"నాయనా, వినిపిస్తా ఉండాదా?"

నన్నే చూస్తూ ఉండిపోయాడు. "నీ గొంతు ఇట్లుంటాదా పాపా? చిన్నప్పుడు కీచుమంటా ఉండె."

బస్సులో కండక్టరు టికెట్ చించిన చప్పుడుకు నవ్వాడు. అమ్మకి ముందే చెప్పొద్దనుకున్నాం. ఆశ్చర్యపోవాలని. ఆ ఆలోచన నాదే.

అదే రోజు, మధ్యాహ్నం
మిషన్ కనపడకుండా తుండుగుడ్డ తలకు చుట్టుకొని కూర్చున్నాడు. అమ్మ నవ్వుతూ అన్నం పెట్టింది. "వేలూరు చూసొచ్చినావా? పోయినోడివి అట్నే పోకూడదా?"

నాయన చేతిలో ముద్ద ఆగింది. తర్వాత ఎప్పటి నవ్వే. "కొంచెం చారు పొయ్యి."

తుండుగుడ్డ నేనే తీశాను. "అమ్మా, ఆయనకి వినిపిస్తా ఉండాది."

గరిటె ఆగింది. క్షణమే. "సరి, మంచిదే. నాకు అరిచే పని తప్పె."

జూన్ 21
రోజూ పెట్టుకుంటున్నాడు. టీ అంగడిలో అందరికీ చెవి తిప్పి చూపిస్తాడు. "మా పాప తెచ్చినాది. చీమ నడిచినా తెలుస్తాది."

జూలై 5
ఆయన చొక్కా ఉతకబోతే జేబులో బ్యాటరీ బిళ్లలు. మూడు. వారానికొకసారి "అయిపోయిందమ్మా" అని నా దగ్గర తీసుకున్నవే. పైన అంటించిన కాగితం ఊడదీస్తేనే అవి పనిచేస్తాయి. మూడింటికీ కాగితం అలాగే ఉంది.

జూలై 6
షెడ్‌లో నాయనతో పనిచేసిన మణి మామ వీధికి అవతల నిలబడి పలకరించాడు. గొంతు లేదు. పెదవులే. మధ్యలో లారీలు. నాయన ఇటునుంచి అలాగే... ఇద్దరూ దేనికో పగలబడి నవ్వారు.

అడిగాను.

"మగ్గాలు ఆడేకాడ గొంతెందుకమ్మా? షెడ్‌లో అందురూ నోరు చూసే మాట్లాడేది."

ఎప్పటినుంచి?

"నువ్వు పుట్టకముందు నుంచీ."

అంటే అన్నం ముందు ఆ నవ్వులన్నీ. అంటే ఫిబ్రవరి.

జూలై 9
మూడు బిళ్లలూ ఆయన ముందు పెట్టాను. వేలితో వాటిని కాసేపు జరుపుతూ కూర్చున్నాడు.

"మీయమ్మ ఏమంటాదో నాకు ముందునించీ తెలుసమ్మా. ఏం తిట్టినా పెండ్లినాటి గొంతుతోనే అంటా ఉండాదనుకుంటి. ఇప్పటి గొంతు విన్నాక అన్నం దిగలే."

తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు. "మిషన్ బాగుండాది పాపా. పెట్టుకుంటా. నువ్వు తెచ్చినావు కదా."

ఫిబ్రవరి సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూలై 10
స్కూలు. వాన. ఏ పాఠమూ సరిగా చెప్పలేకపోయాను.

జూలై 18
విమల వచ్చింది. చెప్పకుండా. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి లోపలికి పోయాడు. కాఫీతో తిరిగి వచ్చేసరికి ఒంటి మీద ఆ చిరిగిన బనీను. గ్లాసులు ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. విమల ఆయన చెవి చూసింది.

"చెవి మిషనా? నువ్వు కొనిచ్చినావా? పావం, పనాయనకి ఇంత చేసేవాళ్లు యాడుండారు చెప్పు. నీది మంచి మనసు."

నాయన నా నోటివైపు చూస్తున్నాడు.

ఒక్క మాట. గొంతు కూడా అక్కర్లేదు. పెదవులు కదిపితే ఆయనకి అందుతుంది.

కాఫీ తాగాను. చివరిదాకా.

ఆయన ముందుకొచ్చి నా వైపు చెయ్యి చాపాడు.

"గ్లాసు ఇట్ల ఇయ్యండమ్మా."