డిక్కీలో పెరుగన్నం

ఫిబ్రవరి 23, ఆదివారం

చుట్టాల ముందే అనేశారు అత్తయ్యగారు. పులుసు ఉప్పు కషాయంలా ఉందట, పెళ్లయి తొమ్మిదేళ్లయినా నాకు వంట రాలేదట. గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. మా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. మామయ్యగారే వచ్చి తలుపు కొట్టారు. పులుసు బాగుందమ్మా, నేను రెండోసారి వేయించుకున్నాను కదా అన్నారు. ఆయన వేయించుకోలేదు. నేను చూశాను.

మార్చి 4

పది రోజులైంది. అత్తయ్యగారు నా వంట గురించి ఒక్క మాట అనడం లేదు. ఏం జరిగిందో తెలీదు. హాయిగా ఉంది.

మార్చి 8, శనివారం

రేపు మారేడుమిల్లి ట్రెక్కింగ్. పౌరోహిత్యం మానేశాక మామయ్యగారు కోరిందల్లా ఇదొక్కటే, అడవిలో నడిచి వెళ్లి జలపాతం చూడాలని. డెబ్బై ఒక్క ఏళ్లు. బయటి తిండి ముట్టరు. నేను వండి పట్టుకెళ్లకపోతే పస్తే. కొత్త ఐస్ బాక్స్ కొన్నాం.

మార్చి 10, ఉదయం 6. రాజమండ్రి, హాస్పిటల్

నిన్న తిరుగు ప్రయాణంలో నిడదవోలు వచ్చేసరికే మామయ్యగారికి వాంతులు, విరేచనాలు. కారు వెనక్కి తిప్పి ఇక్కడికి తెచ్చాం. డ్రిప్ పెట్టారు. నిజం ఇక్కడైనా రాస్తాను.

నిన్న తెల్లారకుండానే లేచి పులిహోర, పెరుగన్నం చేశాను. ప్రయాణానికి మా అమ్మ కలిపినట్టే అన్నంలో గోరువెచ్చని పాలు పోసి ఒక్క చెంచా పెరుగు వేశాను. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. రైల్లో ఎప్పుడూ పాడవలేదు. కానీ ఇది ఎండలో తలుపులు బిగించిన కారు. ఐస్ బాక్స్ నిండా మా ఆయన కూల్ డ్రింకులు సర్దారు. క్యారేజీ డిక్కీలో పెట్టాను.

ఎనిమిదింటికి నీడలోనే పార్క్ చేశాం. నీడ జరుగుతుందని ఎవరికీ తట్టలేదు. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులని టీ కొట్టు దగ్గరే కూర్చున్నారు. కారు తాళం మా ఆయన జేబులో. మామయ్యగారు మాత్రం చెప్పుల్లేకుండా మా అందరికంటే ముందు నడిచారు. జలపాతం కింద నిలబడి నవ్వారు. ఆయన అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

తిరిగొచ్చేసరికి రెండున్నర. డిక్కీ ముట్టుకుంటే చెయ్యి కాలింది. గిన్నె మూత తీయగానే తెలిసిపోయింది. అది పులుపు వాసన కాదు. అన్నం తీగలు సాగుతోంది. పారబోయాలి. పారబోస్తే అత్తయ్యగారు మళ్లీ మొదలుపెడతారు. రెండు వారాల హాయి పోతుంది. అంతే. అందుకే నోరు మూసుకున్నాను.

అత్తయ్యగారు పులిహోర తిని కడుపు నిండిందన్నారు. మా ఆయన పెరుగు ముట్టరు. నేను పెట్టుకోలేదు. మామయ్యగారు ఒక ముద్ద తిని నా వంక చూశారు. బాగుందమ్మా అన్నారు. మొత్తం తినేశారు.

మార్చి 11

ఏం తిన్నారని డాక్టర్ అడిగారు. వాగు నీళ్లు తాగారండి అని మా ఆయన చెప్పారు. నేను తల ఊపాను. సిగ్గులేకుండా ఊపాను.

మార్చి 12

కిడ్నీలు పనిచేయడం లేదట. చూడటానికి లోపలికి పంపారు. కళ్లు తెరిచి, నువ్వు తిన్నావా అమ్మా అని అడిగారు.

మార్చి 13

పొద్దున్న ఏడింటికి పోయారు.

మార్చి 26

పన్నెండో రోజు కూడా అయిపోయింది. అత్తయ్యగారికి చెప్పేశాను. తిట్టలేదు. డిక్కీ తీసినప్పుడే ఆవిడకీ వాసన వచ్చిందట. పులుసు గొడవయ్యాక చుట్టాలు వెళ్లిన రోజే మామయ్యగారు తన తల మీద ఆవిడ చెయ్యి పెట్టించి, నా వంటకి ఇంకెప్పుడూ వంక పెట్టనని ఒట్టు వేయించుకున్నారట. ఒట్టు తప్పితే ఆయనకేమైనా అవుతుందని ఆవిడ భయపడి ఊరుకున్నారట.